రాసే చేతి వైపు

ఆటస్థలం గేటు బయట ఒక అద్దె కారు. వెనక సీట్లో బట్టలు కుట్టే తల్లి, తొమ్మిదో తరగతి చదివే కూతురు. ముందు డ్రైవరు.

“తలుపు వెయ్యి, తలుపు వెయ్యి! బాబూ, పోనియ్యి, ఇంకా చూస్తావేం?”

“ఎక్కడికో చెప్పకుండా పొమ్మంటే ఎక్కడికి పోనమ్మా?”

“చెప్పలేదూ? నాటకాల హాలుకి. ఈపాటికి తెర లేపేస్తూ ఉంటారు. పోనియ్యి, నీకు పుణ్యముంటుంది.”

“అమ్మా, కాస్త ఊపిరి తీసుకోనియ్యి.”

“తీసుకో, ఎవరొద్దన్నారు? తీసుకుంటూనే చేతులెత్తు. గౌను తొడగాలి.”

“బనీను మీదా? చెమటకి తడిసి ముద్దయింది.”

“మీదే. ఇందుకనే వదులు పెట్టి కుట్టాను. ఎత్తు. రెండో చెయ్యి. ఏమిటది చేతిలో?”

“కర్ర.”

“పందెం కర్రా? తెచ్చేశావా?”

“గీత దాటీ దాటగానే రెక్క పట్టుకుని లాక్కొచ్చావు. ఎవరికివ్వను? కప్పు ముట్టుకోను కూడా లేదు. మిగతా ముగ్గురూ అక్కడ ఫొటో దిగుతున్నారు.”

“ఫొటోదేముంది, మళ్లీ దిగొచ్చు. ఇటు తిరుగు, హుక్కులు పెడతాను.”

“పాప గెలిచిందా అమ్మా?”

“గెలిచింది బాబూ. నలుగురు కలిసి పరుగెత్తే పందెం. ఆఖరి పరుగు మా అమ్మాయిదే. అందరికంటే వెనక ఉన్నదల్లా ఇది కర్ర అందుకోగానే ముందుకొచ్చేసింది. ఇప్పుడెళ్లి నాటకంలో రాణి వేషం వెయ్యాలి.”

“పరుగెత్తే రాణిని ఇప్పుడే చూస్తున్నానమ్మా. యుద్ధంలో ఓడిపోయిందా ఏంటి?”

“ఓడిపోవడమేంటి, శుభమా అని వెళ్తుంటే! నువ్వు రోడ్డు చూసి నడుపు బాబూ.”

“అమ్మా, కర్ర జారిపోయేదే తెలుసా? మూడో అమ్మాయి ఎడమ చేత్తో ఇస్తుంది, నేను కుడి చేత్తో అందుకోవాలి. ఇవాళ తను తడబడి...”

“ఆ కబుర్లు రాత్రికి. ముందు నీ మాటలు అప్పజెప్పు. సభ రంగం. ఊఁ, మొదలుపెట్టు.”

“‘సభాసదులారా...’ హుక్కు గుచ్చుకుంటోందమ్మా.”

“‘హుక్కు గుచ్చుకుంటోంది’ అంటుందా రాణి? సరిగ్గా.”

“‘సభాసదులారా, ఈ సింహాసనం మీద నేను... నేను...’”

“‘నేను కోరి కూర్చోలేదు.’ నాకొచ్చు, నీకు రాదు.”

“నీకెలా వచ్చు?”

“రోజూ మిషన్ పక్కన కూచుని నువ్వు చదువుతుంటే రాదూ? తర్వాత?”

“‘నేను కోరి కూర్చోలేదు. కానీ కూర్చున్నాక... మోకాలు పైకెత్తాలి, భుజాలు వదులు చెయ్యాలి...’”

“అది కోచ్ సారు మాటే తల్లీ! రాణి మోకాలు ఎందుకెత్తుతుంది? నిద్రపోతున్నావా? కళ్లు తెరువు. తెరువు!”

“తెరిచే ఉన్నాయమ్మా.”

“అమ్మా, వంతెన వస్తోంది. నా ఫోనులో చార్జింగ్ అయిపోయింది, దారి చూపించట్లేదు. వంతెన దగ్గర ఎటు పోవాలి?”

“నాకేం తెలుసు బాబూ, నేను మిషన్ దగ్గర్నుంచి లేస్తే కదా ఊరు తెలియడానికి! అమ్మాయికి తెలుసు. రిహార్సళ్లకి రోజూ ఇటే బస్సులో పోతుంది. చెప్పవే, ఎటు?”

“ఆఁ?”

“వంతెన దగ్గర ఎటు? తొందరగా చెప్పు పాపా, వెనక లారీ హారన్ కొట్టి చంపేస్తున్నాడు.”

“రాసే చేతి వైపు అంకుల్.”

“రాసే చేతి వైపు. సరే.”

“ఇటు తిరుగు తల్లీ, ముఖానికి కాస్త పౌడరు రాస్తాను. ఎంత నల్లబడిపోయావే ఎండకి! రాణి అంటే ఎవడైనా నమ్ముతాడా?”

“నమ్మరు. వద్దులే.”

“వద్దులేనా? ఇవాళ ఆ హాల్లో ఎవరు కూచున్నారో మర్చిపోయావా? హాస్టలు బడి వాళ్ల పెద్దసారు. ముందు వరసలో. ఆయన ఏమన్నారు? ఆటలో పేరుండాలి, కళలో పేరుండాలి, రెండూ ఉన్న పిల్లకే సీటు అన్నారు. ఆటలో అయిపోయింది. ఇంకొక్కటి. ఈ ఒక్క సాయంత్రం ఓర్చుకో. తర్వాత నిన్నేమన్నా అడిగితే చెప్పు.”

“పోయినసారి కూడా ఇదే అన్నావు. వయొలిన్ పోటీ అప్పుడు.”

“అన్నానేమో. అప్పుడు ఆయన రాలేదు కదా. బాబూ, ఇదేంటి, ఇక్కడ ఈ గోదాములు ఎందుకొచ్చాయి? ఎటు తీసుకుపోతున్నావు?”

“పాప చెప్పిన వైపేనమ్మా. రాసే చేతి వైపు. కుడికి.”

“అయ్యయ్యో! అది ఎడమ చేత్తో రాస్తుంది బాబూ!”

“ఏంటీ?”

“ఎడమ చేత్తో! మా ఇంట్లో రాసే చెయ్యి అంటే ఎడమ, కత్తెర చెయ్యి అంటే కుడి. దీనికి చిన్నప్పట్నుంచీ కుడి ఎడమ తెలీదు. చెప్పులు కూడా తారుమారుగా వేసుకునేది. అందుకని అలా నేర్పాను. ఆ మాట నీకు చెప్పాలన్న ఆలోచనే రాలేదు నాకు.”

“బాగుందమ్మా! నాకేమన్నా కల వస్తుందా మీ పాప ఏ చేత్తో రాస్తుందో? నేను రాసేది కుడిచేత్తో. నా రాతే అంత!”

“తిప్పు బాబూ, వెనక్కి తిప్పు.”

“వంతెన మీద ఎలా తిప్పను? అవతల దిగాల్సిందే. దిగితే ఇదిగో, ఈ గోదాముల రోడ్డు. చూడండి ముందు ఎన్ని లారీలో! ఒక్కటి కదిలితే ఒట్టు.”

“అయిపోయింది. నా కొంప మునిగింది. ఫోను మోగుతోంది, నాటకం మేడమే అయ్యుంటుంది. ఏం చెప్పనే? ఏం చెప్పను?”

“నిజం చెప్పు.”

“నోర్ముయ్. హలో, మేడమ్? ఆఁ ఆఁ, వచ్చేశాం మేడమ్. గేటు దగ్గరే ఉన్నాం. హారన్లా? గేటు దగ్గర ఎవరో కొడుతున్నారండి. వేషం వేసేశాను, రాణిగారు తయారు. మాటలా? అన్నీ వచ్చు, నీళ్లు తాగినంత సులువుగా చెబుతోంది. రెండు నిమిషాలు ఆగండి మేడమ్... మేడమ్, మీ కాళ్లు పట్టుకుంటాను, రెండే రెండు నిమిషాలు. వద్దు, వద్దు మేడమ్, రాణి వేషం ఆ చీమ అనే పిల్లకి ఇవ్వొద్దు. ఆ పిల్ల ఎంతుంటుంది, సింహాసనంలో కూచుంటే కనపడుతుందా? మేడమ్? హలో?”

“చీమకి అన్ని మాటలూ వచ్చమ్మా. నాకంటే బాగా వచ్చు. తెర వెనక నిలబడి నాకు అందించేది అదే కదా.”

“అందించే పిల్ల అందించే చోటే ఉండాలి. రాణివి నువ్వు.”

“రోజూ నేను మర్చిపోతాను, అది అందిస్తుంది. రాణి అదే అనుకో.”

“అనుకోను! బాబూ, ఇక్కణ్ణుంచి హాలు ఎంత దూరం?”

“నడిచిపోతేనా? పట్టాల అవతల కనపడే బోర్డు ఆ హాలుదే అనుకుంటానమ్మా, ఈ సందులోంచి దాటితే దగ్గరే. కారు పోదు.”

“దిగు.”

“అమ్మా?”

“దిగి పరుగెత్తు. నీకు పరుగెత్తడం రాదా? ఊళ్లో నిన్ను మించినవాళ్లు లేరని ఇప్పుడే కప్పు ఇచ్చారు కదా? దిగు తల్లీ. గౌను కుచ్చిళ్లు ఎత్తి పట్టుకో. పట్టాల దగ్గర అటూ ఇటూ చూసుకో. నేను వెనకాలే వస్తాను.”

“అమ్మా, నావల్ల కాదు.”

“ఏం కాదు? ఇంతకుముందు అయింది కదా?”

“అయింది. ఇప్పుడు కాదు. కాలు చూడు.”

“ఏమైంది కాలికి? బూటు విప్పు... అయ్యో, ఏంటే ఇది? ఇంత వాచిందేంటే? ఇప్పుడు పరుగులోనేనా?”

“మొన్న రిహార్సల్లో మెట్ల మీంచి పడ్డాను.”

“మొన్ననా? దీంతోనే పరుగెత్తావా? నాతో ఎందుకు చెప్పలేదు?”

“చెప్పాను.”

“ఎప్పుడు?”

“మొన్న రాత్రే. నువ్వు ఈ గౌను కుడుతున్నావు. పడ్డానమ్మా, కాలు నొప్పిగా ఉంది అన్నాను. ‘ఊఁ’ అన్నావు.”

“మిషన్ చప్పుడులో వినపడి ఉండదు. మిషన్ ఆగినప్పుడు చెప్పాలని తెలీదా? మన ఇంట్లో అది మామూలే కదా? దారం అయిపోయినప్పుడో, సూది మార్చినప్పుడో...”

“నీ దారం అయిపోదమ్మా.”

“ఏమిటా మాట?”

“ఏం లేదు. ఇంకోటి కూడా చెప్పాను అప్పుడే. నాటకం వద్దు, పరుగు ఒక్కటి చాలు అన్నాను. దానిక్కూడా ‘ఊఁ’ అన్నావు. నువ్వు ఒప్పుకున్నావనుకుని ఆ రాత్రి హాయిగా పడుకున్నాను. పొద్దున లేస్తే గౌను తలుపుకి వేలాడుతోంది.”

“చూడమ్మా, ఇటు చూడు. నేను తెల్లారినప్పట్నుంచీ తొక్కుతాను. రోజంతా తొక్కుతాను. పొద్దుపోయేసరికి ఎక్కడున్నాను? కూచున్న చోటే ఉన్నాను. నీ కాళ్లకి దేవుడు పరుగు ఇచ్చాడు. నీ గొంతుకి మాట ఇచ్చాడు. ఆ సీటు వచ్చిందంటే నువ్వు ఆ గదిలోంచి బయటపడతావు. రాలేదంటే నా తర్వాత ఆ మిషన్ మీద కూచునేది నువ్వే. నేను చూడలేనే. నావల్ల కాదు.”

“ఏడవకమ్మా.”

“ఏడవట్లేదు. కట్టు కడతాను ఉండు, ఈ చున్నీ చింపి గట్టిగా కడతాను. నేను ఎత్తుకుంటాను నిన్ను. ఎత్తుకుని పట్టాలు దాటిస్తాను.”

“నేను నీకంటే పొడుగున్నానమ్మా.”

“ఉంటే ఏం? బాబూ, నువ్వొక చెయ్యి వెయ్యవూ?”

“కారు నడిరోడ్డు మీద వదిలేసి నేనెక్కడికి వస్తానమ్మా? ఆ కాలు చూస్తే నాకే కళ్లు తిరుగుతున్నాయి. ఆ పిల్లని కాసేపు కూచోనివ్వండి.”

“నీకేం తెలుసు మా సంగతి!”

“తెలీదమ్మా. తప్పే. ఫోను మోగుతోంది మీది.”

“ఎత్తను. ఎత్తనంటే ఎత్తను. మోగితే మోగనియ్యి.”

“ఇలా ఇయ్యి. హలో, మేడమ్... ఆఁ, నేనే. అవును మేడమ్. వేసుకుందా? కిరీటం సరిపోయిందా దానికి? పిన్నులు పెట్టారా? చీమకి ఒక్కమాట చెప్పండి మేడమ్. సభ రంగంలో నేను ఆగే చోట అది ఆగక్కర్లేదని చెప్పండి. ఉంటాను.”

“ఏమంది?”

“తెర లేచిందట.”

“గౌను ఎవరికి కుట్టాను నేను? కళ్లు పోయేలా ఆ జరీ అంచు ఎవరికి కుట్టాను?”

“నేను వేసుకున్నాను కదా. నాకే.”

“ఆ వంతెన దగ్గర ఒక్క మాట సరిగ్గా పడి ఉంటే! అంతా నావల్లే. పిల్లలందరికీ వచ్చిన కుడి ఎడమ నా పిల్లకి నేను నేర్పలేకపోయాను. రాసే చెయ్యట, కత్తెర చెయ్యట! ముద్దుగా ఉందని అలాగే వదిలేశాను. ఆ ముద్దే ఇవాళ మన నోట్లో మట్టి కొట్టింది.”

“ఊరుకోమ్మా. కాలు నీ ఒళ్లో పెట్టుకోనా?”

“పెట్టుకో. అబ్బ, కాలిపోతోంది. బాబూ, నీ దగ్గర చన్నీళ్లున్నాయా?”

“సీసాలో ఉన్నాయి, ఇదిగోండి. లారీలు కదులుతున్నాయి అమ్మా. ఇప్పుడేం చెయ్యమంటారు? హాలుకేనా?”

“హాలెందుకు ఇంక! ఇంటికి పోనియ్యి. దారిలో ఎక్కడన్నా డాక్టరు కనపడితే ఆపు.”

“ఇంటికి ఎటు? నాకీ వైపు బొత్తిగా తెలీదు.”

“నన్నడిగితే ఏం చెప్పను నాయనా!”

“నేను చెప్తాను అంకుల్. ఈ గోదాములు దాటాక ఎడమకి తిప్పండి. పెట్రోలు బంకు వస్తుంది, అక్కడ కుడికి. మందుల షాపు పక్కనే డాక్టరుంటారు, ఎడమ వైపు మేడ మీద. అక్కణ్ణుంచి తిన్నగా వెళ్లి రెండో సందు దగ్గర కుడికి తిప్పితే మా ఇల్లు.”

“ఎడమ, కుడి, ఎడమ, కుడి. అబ్బో, పాపకి బాగానే వచ్చే! మీరేమో తెలీదంటారేంటమ్మా?”

“నీళ్లు కారిపోతున్నాయమ్మా, సీసా నిటారుగా పట్టుకో.”

“ఎప్పట్నుంచి వచ్చు నీకు?”

“ఏంటి?”

“కుడి ఎడమ.”

“రెండో తరగతి నుంచి.”

“మరి ఇంట్లో ఇప్పటికీ రాసే చెయ్యి, కత్తెర చెయ్యి అంటావెందుకు?”

“అలా అంటే నువ్వు నవ్వుతావు. మిషన్ ఆపి మరీ నవ్వుతావు.”

“మరి ఇందాక? ఆ వంతెన దగ్గర?”

“అప్పుడూ తెలుసమ్మా. అంకుల్ కుడికే తిప్పుతారనీ తెలుసు.”