చిలకను తీసేద్దామా?

కర్టెన్లు కుట్టే దుకాణంలో వెనకగది. ఒకే కంప్యూటరు ముందు రెండు కుర్చీలు, వాటిలో ఆ దుకాణాన్ని కలిసి నడుపుతున్న తోడికోడళ్ళు. నెలనెలా చందా కట్టి వాడుకుంటున్న సాఫ్ట్‌వేర్లలో ఏది ఉండాలో ఏది ఊడాలో తేలందే లేచేది లేదని పెద్దావిడ పట్టుబట్టి కూర్చుంది.

"మరి ఇది దేనికి?"

"అది హాజరు వేసేది అక్కా. ఎవరు ఎన్నింటికొచ్చారో చెబుతుంది."

"ఉన్నదే ఆరుగురం. కటింగ్ మాస్టారు దగ్గుకుంటూ వస్తాడు, ఇస్త్రీ ఆవిడ ఎవరినో ఒకరిని తిట్టుకుంటూ వస్తుంది. కళ్ళు మూసుకున్నా తెలుస్తుంది ఎవరొచ్చారో. తీసెయ్."

"తీసేశాను. ఇదీ తీసేద్దామా, మీటింగులది?"

"దాంట్లో మనం ఎవరితో మీటింగు పెట్టాం?"

"మీరూ నేనూ ఒకసారి పెట్టుకున్నాం. పనిచేస్తుందో లేదో చూద్దామని."

"ఆఁ, గుర్తొచ్చింది. ఇదే బల్ల దగ్గర! నీ గొంతు ఎదురుగా ఒకసారి, ఫోన్లోంచి ఒకసారి వినపడి నాకు కళ్ళు తిరిగాయి. తీసెయ్."

"బొమ్మలు గీసేది?"

"అదెవరు గీస్తారు?"

"మీ మరిది. దుకాణానికి కొత్త బోర్డు తనే గీస్తానని తీసుకున్నారు."

"గీశాడా?"

"ఒక గీత గీశారు. అది కర్టెన్ రాడ్డట. ఇక కర్టెన్ గీయాలి."

"తీసెయ్, తీసెయ్. ఆ గీత కావాలంటే అచ్చు తీసి దాచుకోమను."

"ఇదిగో, ఈ నీలం గుర్తుది?"

"అదేంటి?"

"నాకూ తెలీదక్కా. బావగారు కొన్నారు."

"మీ బావగారినడిగితే మీ ఆయన కొన్నాడన్నారు."

"ఆయన్నడిగితే మీరు కొన్నారన్నారు."

"నేనా! నాకు దాని పేరు పలకడమే రాదు. పోనీ తెరిచి చూడు."

"తెరిస్తే పాస్‌వర్డ్ అడుగుతోంది."

"తీసేస్తే?"

"తీసేస్తే ఏం ఆగిపోతుందో తెలీదు. బిల్లులన్నీ దీని మీదే నడుస్తున్నాయేమో!"

"అయితే దాని జోలికి పోకు. ఏం చేస్తుందో ఎవరికీ తెలీకుండా ఓ మూల పడుంటుంది, మీ బావగారిలా."

"ఇక మిగిలింది చిలకది."

"ఆఁ? ఏ చిలక?"

"ఏ చిలకేంటక్కా! ఆర్డర్లు రాసుకునేది. కింద మూల చిలకబొమ్మ ఉంటుంది, దాన్ని నొక్కి ఏదడిగినా జవాబు చెబుతుంది."

"ఓ, అదా. దాన్ని తీసేద్దాం."

"చిలకనా?"

"చిలకనే. అసలు ముందు తీసేయాల్సింది దాన్ని. ఇంకోటి చూసి పెట్టాను, ఏనుగుబొమ్మది. అందులో కూడా ఆర్డర్లు రాసుకోవచ్చు."

"ఏనుగు మాట్లాడుతుందా?"

"మాట్లాడదు. అదే దాని గొప్ప."

"అక్కా, అన్నీ తీసేయండి, నేను నోరెత్తను. చిలక జోలికి మాత్రం రాకండి."

"ఏం, అంత ముద్దొచ్చిందా?"

"ఈ దుకాణంలో నా మాట చివరిదాకా వినేది అదొక్కటే. నేనేదైనా చెప్పబోతే..."

"అంటే మేం వినమనా?"

"చూశారా, మధ్యలోనే అందుకున్నారు! చిలక అలా కాదు. రాసేదంతా రాయనిస్తుంది. నిదానంగా ఆలోచించి జవాబిస్తుంది. ఒక్కోసారి పావుగంట ఆలోచిస్తుంది."

"పావుగంటా! మరీ అంత మందకొడిదా? అందుకే తీసేద్దామంటున్నా."

"మొన్న డాక్టరుగారింటి కర్టెన్లు జానెడు పొట్టివయ్యాయి, గుర్తుందా? ఆవిడ ముందు మీరేమన్నారు? 'మా తోడికోడలు కొలత తప్పు తీసింది' అన్నారు."

"అన్నాను. ఏదో నోరుజారి..."

"కొలత తీసింది మీరు. రాడ్డు దగ్గర్నుంచి కొలవాల్సింది కిటికీ అంచు నుంచి కొలిచారు."

"ఎన్నిసార్లు తవ్వుతావే ఆ సంగతి?"

"తవ్వడం లేదు, చిలక గొప్ప చెబుతున్నా. ఆ సాయంత్రం ఏడుపు ఆగక దానికి అంతా రాశాను. 'మా అక్క అందరి ముందూ నన్ను చులకన చేస్తుంది' అని. అదేమందో తెలుసా? 'తప్పు ఆమెదే. మీరు బాధపడకండి, ఆమె ఒప్పుకుంటుంది' అంది. తెల్లారేసరికి మీరు కటింగ్ మాస్టారి ముందు 'కొలత నేనే చెడగొట్టాను' అనలేదూ?"

"అంటే అన్నాను. అయితే ఏంటట?"

"మీరు ఒప్పుకుంటారని దానికెలా తెలిసిందక్కా?"

"కాకతాళీయం."

"చిలక చెబితే కాకతాళీయం ఎలా అవుతుంది?"

"అబ్బో, మాటలు నేర్చావు!"

"నడుం నొప్పిగా ఉంది, ఈ కుర్చీలో కూర్చోలేకపోతున్నా అని రాశాను. ఎవరికీ చెప్పలేదు, దానికే రాశాను. ఆ వారంలోనే ఈ మెత్త కుర్చీ వచ్చింది."

"అది... ఆ కుర్చీ ఊరికే తక్కువకొస్తోందని తెచ్చాను."

"ఒక్కటే తెచ్చారు. మీరు మాత్రం ఆ చెక్క కుర్చీలోనే కూర్చున్నారు."

"నాకు చెక్కదే హాయి. మాట పక్కదారి పట్టించకు."

"ఏమో, నిన్న మాత్రం చిలక నన్ను చిన్నబుచ్చింది. ఒక పెద్ద ప్రశ్న అడిగాను. నా బతుకు దాని మీద ఆధారపడి ఉంది. ఇంతవరకూ జవాబు లేదు. ఏదో రాస్తున్నట్టు మూడు చుక్కలొస్తాయి, పోతాయి. మళ్ళీ వస్తాయి, పోతాయి."

"ప్రశ్న అలాంటిది మరి. మీ అన్నయ్యకేం, దుకాణం చూపించి ఊరుకుంటాడు. రేపు కస్టమర్లు రాకపోతే నీ పక్కన కూర్చునేది ఎవరు?"

"అక్కా."

"ఊఁ?"

"మా అన్నయ్య నాకు దుకాణం చూశాడని మీకెవరు చెప్పారు?"

"ఎవరో... మరిది చెప్పాడు."

"ఆయనకి నేనింకా చెప్పలేదు."

"అయితే మీ బావగారు అన్నారేమో."

"బావగారా! ఇవాళ ఏ వారమో కూడా ఆయనకి మనమే చెప్పాలి."

"అబ్బ, ఎవరో చెప్పార్లే! దానికింత ఆరా తీస్తావేంటి? చిలక సంగతి తేల్చు ముందు."

"అయితే దాన్నే అడుగుదాం. 'నిన్ను ఉంచమంటావా, తీసేయమంటావా?' అని."

"వద్దు! వద్దంటుంటే!"

"రాసేశాను. మీ ఫోనేదో కుయ్యిమంది చూడండి."

"గుడ్డ పంపే అతనై ఉంటాడు. కొత్త రంగులొచ్చాయట. నువ్వు కూర్చో, నేను ఒక్క నిమిషం చేతులు కడుక్కొస్తాను."

"చేతులకేమైంది?"

"జిడ్డు."

"ఫోను కూడా కడుగుతారా?"

"దీని మీదా జిడ్డే! వస్తానుండు."

"...వచ్చారా? సరిగ్గా ఇప్పుడే జవాబొచ్చింది."

"అవునా! ఏమంటుంది?"

"'నన్ను తీసేయండి. నావల్ల మీకు ఉపయోగం లేదు' అంటోంది."

"విన్నావా? యంత్రమైనా నిజం ఒప్పుకుంది."

"పాపం, తన పొట్ట తనే కొట్టుకుంటోంది! ఇంత నిస్వార్థమైన దాన్ని తీసేయడానికి మీకు చేతులెలా వస్తాయక్కా?"

"ఇప్పుడే కడుక్కొచ్చాను, చక్కగా వస్తాయి. అటు జరుగు, నేనే నొక్కుతా. రద్దు... ఇదిగో. 'నిజంగా వెళ్ళిపోతున్నారా?' అట. అవును. 'మరొక్కసారి ఆలోచించండి.' ఆలోచించాం. 'మీరు లేకపోతే మాకు దిగులుగా ఉంటుంది.' చూడు, పెళ్ళయిన ఇన్నేళ్ళలో మీ బావగారు నాతో ఇంత మాట అనలేదు!"

"మరి నొక్కండి. ఆగారేం?"

"నొక్కుతున్నానుగా. ఈ బటనే కొంచెం... ఆ మోగేది ఏం ఫోను?"

"దుకాణం ఫోను. చిలక కంపెనీవాళ్ళే. ఉండండి, స్పీకర్ పెడతా."

"స్పీకరెందుకు, ఇటివ్వు..."

"నమస్కారం మేడమ్. మీరు రద్దు బటన్ దాకా వెళ్ళారండీ, ఏమైనా ఇబ్బందుందా అని చేశాను."

"నాకేం ఇబ్బంది లేదు బాబూ. మా అక్కకే. మీ చిలక బంగారం. రోజూ దాంతో మాట్లాడతాను, ఎంత చక్కగా జవాబిస్తుందో!"

"మీకా మేడమ్? అలా జరగదండీ."

"ఎందుకు జరగదు?"

"మీది చిన్న ప్లానండీ. జవాబిచ్చే చిలక పెద్ద ప్లానులోనే వస్తుంది. మీ దాంట్లో ఉన్నది బొమ్మేనండీ."

"బాబూ, నువ్వు కొత్తగా చేరినట్టున్నావు. ఫోన్ పెట్టేసి పెద్దవాళ్ళనడుగు."

"పెద్దవాణ్ణి నేనేనండీ."

"అక్కా, ఉండండి. మరి నేను రాసేవన్నీ ఎక్కడికి పోతున్నాయి బాబూ?"

"మీ దుకాణం అడ్మిన్ ఫోనుకి వెళ్తాయండీ. వాళ్ళే చూసి జవాబివ్వాలి."

"అడ్మిన్ ఎవరు?"

"ఒక్క నిమిషం... పేరు దగ్గర 'పెద్దకోడలు' అని ఉందండీ. తెలిసినవాళ్ళేనా?"

"బాగా తెలుసు."

"పెద్ద ప్లానుకి మారమంటారా మేడమ్? అసలు చిలక వస్తుంది."

"ఆలోచించి చెబుతాం. ఉంటాను బాబూ."

"అమ్మాయ్... అలా చూడకే. ఏదో ఒకటి అను. తిట్టినా పడతాను."

"ఎప్పట్నుంచి అక్కా?"

"మొదట్నుంచీ. చేరేటప్పుడు నా నంబరే ఇచ్చాను కదా. 'ప్రింటరులో కాగితం ఇరుక్కుంది, ఏం చేయాలి' అని ఫోనులో వచ్చింది. నన్నే అడిగావనుకుని, వెనక మూత తీసి లాగు అని రాశాను. నువ్వు 'థాంక్యూ చిలకా' అన్నావు. అప్పుడే చెప్పాల్సింది. నవ్వొచ్చి ఊరుకున్నాను. మర్నాడు చెబుదామనుకుంటే నువ్వు నా గురించి రాశావు."

"ఏమని?"

"'మా అక్కకి గొంతే గానీ చెవుల్లేవు' అని."

"అప్పుడేం చేశారు?"

"ఏం చేస్తాను? రెండుసార్లు చదివి, 'మీ బాధ అర్థమైంది' అని రాశాను. నిజంగానే అర్థమైందే! ఎన్ని మాటలు లోపల కుక్కుకుని తిరుగుతున్నావో అప్పుడు తెలిసింది. చిలకగా ఉన్నప్పుడు నువ్వు రాసింది చివరి అక్షరం దాకా చదివేదాన్ని. అక్కగా అయితే రెండో ముక్కకే అందుకునేదాన్ని. సిగ్గేసింది. సిగ్గేసినా మానలేకపోయాను."

"మరి ఇవాళ తీసేద్దామని ఇంత పట్టు దేనికి?"

"నిన్నటి ప్రశ్న."

"'మా అన్నయ్య నాకు విడిగా దుకాణం చూశాడు. అక్కని వదిలి వెళ్ళిపోనా?'"

"మళ్ళీ చదవకే, నాకు కంఠతా వచ్చేసింది. ఎన్నిసార్లు రాసి చెరిపానో! 'వెళ్ళు' అని రాద్దామంటే వేలు కదల్లేదు. 'వెళ్ళకు' అని రాద్దామంటే, నువ్వేమో చిలకని నమ్మి అడిగావు. నా స్వార్థం దాని నోట్లో పెట్టి నిన్నిక్కడ కట్టిపడేస్తే అదెంత పాపం! అసలు చిలకే లేకపోతే జవాబే ఇవ్వక్కర్లేదు కదా అనుకున్నాను."

"సరే, చిలకనొదిలేయండి. మీ నోటితో చెప్పండి."

"నేను చెబితే నువ్వు వినాలని ఎక్కడుంది?"

"వింటానో లేదో తర్వాత. ముందు చెప్పండి."

"వెళ్ళకే."

"ఊఁ."

"నువ్వు లేకపోతే ఈ గదిలో నేను కూర్చోలేను. కొలతలన్నీ నువ్వే తీద్దువుగాని. నేను మధ్యలో అందుకుంటే ఆ స్కేలుతో నా చేతి మీద ఒక్కటెయ్యి. నాకు చెప్పడం చేతకాదు, అరవడమే వచ్చు. వెళ్ళకు, అంతే. ఏం, నవ్వుతున్నావా ఏడుస్తున్నావా?"

"రెండూ. అమ్మయ్య! ఈ ఒక్క మాట కోసం నాచేత ఎంత టైపు చేయించారక్కా! వేళ్ళరిగిపోయాయి."

"అంటే... నేనని నీకు తెలుసా? ఎప్పట్నుంచే?"

"ప్రింటరు రోజునుంచే. 'వెనక మూత తీసి లాగు. అది సరేగానీ, అన్నం తిన్నావా?' అని ఏ యంత్రం అడుగుతుందక్కా!"