రాజేశం నడుము ఫొటో

గిట్ల బిర్రబిగుసుకపోతే ఎట్లయ్యా? మొఖం చాపకు ఆనిచ్చి, నడుం జర వదులు చెయ్యి. నేనింకా కాలే పెట్టలే, అప్పుడే అమ్మో అంటున్నవు.

తలుపు ఏసిన. గొళ్లెం గూడ పెట్టిన. జనగామ బజార్ల పత్తిగింజల దుకాణం రాజేశం సేటు, పెండ్లాం కాళ్ల కింద పండిండని ఎవ్వలికీ తెల్వదు. సరేనా?

ఏం మనిషివయ్యా! ఎదురుకాళ్లతోని పుట్టినోళ్లు తొక్కితే నడుం పట్టు ఇడుస్తదని లోకమంత నమ్ముతది. నేను గట్ల పుట్టినదాన్నేనని పెండ్లిసూపులల్ల మా అవ్వ చెప్తే, మీ అమ్మ ఎంత సంబురపడ్డది! అప్పటిసంది మార్కెట్ల బస్తాలు మోసే హమాలీలంత మన గడపకే వస్తిరి. మంగ్యా రాలేదా? బాల్‌సింగ్ రాలేదా? వంగుకుంట వచ్చి నిటారుగ పోతిరి. నువ్వేమో గల్లపెట్టె కాడ కూసోని మీసాల కింద నవ్వుతుంటివి.

మరి నీ దాకా వస్తే? "పెండ్లాం కాలు మొగని మీదనా, పాపం" అంటివి. పాపమట! హమాలీ రాకుంటే బస్తా నేనే లేపుతనని దోతి ఎగ్గట్టినప్పుడు ఏడ పోయింది నీ తెలివి? అరవై తొమ్మిదిల తెలంగాణ లొల్లి నాడు ఊరంత బందు పెడితే, నువ్వు ఎనక తలుపుకెళ్లి గింజలమ్మినోనివి. గసొంటోనివి ఒక్క బస్తాకు దుకాణం మూసి పండుకుంటివి.

ఆఖరికి రైలెక్కి వరంగల్ పోతివి, ఎక్స్‌రే తీపిచ్చుకొస్తివి. అబ్బో, ఆ ఫొటో షోకు! మన పెండ్లి ఫొటో గూడ గట్ల సూపెట్టలే నువ్వు. వచ్చినోనికల్ల కిటికీ ఎలుగుకు పట్టి "గిది నా ఎన్నుపూస" అనుడే. మీ అక్క కస్తూరి ఆ బొక్కలు సూసి "మస్తు చిక్కిపోయినవు తమ్మీ" అని కండ్లు తుడుసుకున్నది, పాపం.

డాక్టరేమన్నడు? బొక్క మంచిగనే ఉన్నది, యాడ పగుల్లేదు, నరం పట్టేసింది అన్నడంటివి. గోలీలు మింగినవు. ఏమాయె? ఇయ్యాల పొద్దుగాల గోడ పట్టుకోని నిలబడి, "నీకేమన్న తీరిక ఉన్నదా" అని అడిగితివి. తొక్కమని సక్కగ అడగనీకె నోరు రాలే!

ఆగు, ముందుగాల నీ కాళ్లు మొక్కనియ్యి. ఆఁ, పాపం పోయింది. ఇగ పెడుతున్న. ఇక్కడనా? ఇంకా కిందికా? ఊపిరి ఇడువు. ఇడువవయ్యా!

ఏంది? పెట్టిన కాలు మళ్ల తీసిననా? తీసిన మరి.

ఒకటి చెప్త, లేవకు. ఎక్స్‌రే తీపిచ్చుకోమని మీ అన్న ఎల్లేశం బావ పోరు పెడితే గదా నువ్వు పోయింది? ఆయనతోని పోరు పెట్టిపిచ్చింది నేనే. మొన్న కోతలప్పుడు హమాలీ రెడ్యా బండి మీదికెళ్లి పడి వచ్చిండు, యాదికున్నదా? ఎందుకో నాకు కాలు లేవలే. దవాఖానకు పో, ఫొటో తీపిచ్చుకో అన్న. తీస్తే పూస పగిలున్నదట. నేను తొక్కి ఉంటే వాడు మళ్ల నడుస్తుండెనా? అది విన్న కాడికెళ్లి నాకు గుబులే.

నువ్వు పాపమన్ననాడు నేను మూతి తిప్పిన గని, లోపల దేవునికి దండం పెట్టుకున్న. ఊళ్లోళ్ల నడుములు తొక్కాలంటే ధైర్నం ఉండె. గిది నీ నడుమాయె. పగిలి ఉంటే? నా కాలితోని నేనే నిన్ను మంచాన పడేస్తే, నేనెట్ల బతుకుదు? నువ్వు తానానికి పోయినప్పుడు ఆ ఫొటో నేను గూడ కిటికీకి పట్టి సూసిన. నాకేం తెలుస్తది? ఎంత సూసినా తెల్లగ, నల్లగ. పగుల్లేదన్న ఆ డాక్టరు మాట మీదనే ఇప్పుడు కాలు పెడుతున్న.

ఊఁ... టక్కుమన్నదా? నొచ్చిందా? మాట్లాడవేంది? ఓ అయ్యా, మాట్లాడు!

హమ్మయ్య. నీ తిట్లు సల్లగుండ. లే, నెమ్మదిగ. చేతులాని లే. నా బుజం పట్టుకో. అగో, నిలబడ్డవు! జర వంగు సూద్దాం. ఇంకా వంగు.

ఏంది? బజార్ల అడిగితే ఏం చెప్పాలెనా? గోలీలతోని తగ్గిందని చెప్పుకో. ఆ ఫొటో సూపెట్టి, వరంగల్ డాక్టరు చెయ్యి మంచిదని చెప్పుకో. నువ్వైతే నిలబడ్డవు గదా. పేరు ఎవనికి పోతే నాకేంది?