పలుకులకి చిలకలు

రామ్మా రా, గేటు తీసే ఉంది. చెప్పులు ఎండలో వదలకు, ఇటు నీడలో పెట్టుకో. ఆ కుర్చీ గేటుకి అడ్డంగా ఉంది, కాస్త ఇటు లాక్కుని కూర్చో. ఎందుకంటే... సరే, ముందు కూర్చో. బాపట్ల నుంచేగా? బండి ఆలస్యమా? ఆలస్యం కాకపోతే అది మన బండే కాదు. దివ్య అన్నావు కదూ పేరు. ఫోన్లో గొంతు విని ఎవరో పెద్దావిడ అనుకున్నా, చూస్తే నిన్నగాక మొన్న కాలేజీకెళ్ళిన పిల్లలా ఉన్నావ్. ఇంకోసారి చెప్పు, ఏంటి నువ్వు చదివేది? ఆఁ. మాట రాని పిల్లలు, అక్షరం అంటని పిల్లలు, వాళ్ళని చిన్నప్పుడే ఎలా కనిపెట్టాలా అని. అదే, మా ఆవిడ ఝాన్సీ పనీ అదే. మా రోజుల్లో ఇన్ని పేర్లు లేవమ్మా. పిల్లలు అయితే మొద్దు, కాకపోతే మూగ. రెండే రకాలు. ఏంటీ, మీ మేడం చెప్పిందా? "తెనాల్లో ఝాన్సీలక్ష్మి గారని ఒకావిడ ఉండేది, చిలకల లెక్కతో సర్వే చేసేది" అని? చిలకల లెక్క! బతికుంటే ఎంత నవ్వేదో. నవ్వితే ఆవిడకి కళ్ళలో నీళ్ళొచ్చేవి, కొంగుతో తుడుచుకుంటూ నవ్వేది. పోయి ఇరవై ఏళ్ళ పైమాటే, ఆవిడ గురించి అడగడానికి ఒకళ్ళు గుమ్మం ఎక్కడం ఇదే మొదలు.

అదిగో, లోపల మంచం మీద కూర్చుని తువ్వాళ్ళు మడతపెడుతోందే, అదే మా భువన. భువనేశ్వరి. నలభై దాటినై. నువ్వు నమస్కారం పెట్టినా పలకదు, ఏమనుకోకు. మడిచిన తువ్వాలే విప్పి మళ్ళీ మడుస్తుంది. నేను ఒకటి సాయం పట్టబోయాననుకో, లాక్కుంటుంది. నా మడత దానికి నచ్చదు. కరెంటాఫీసులో ముప్పై ఏళ్ళు కాగితాలు మడిచిన చెయ్యిది, దానికి నచ్చదు!

మనవైపు తెలుసుగా నీకు, బోర్లాపడితే బొబ్బట్లు, అడుగులకి అరిసెలు, పలుకులకి పంచదార చిలకలు. ఇప్పుడు అన్నిటికీ కేకే కోస్తున్నారు, అది వేరే సంగతి. భువన బోర్లాపడింది, బొబ్బట్లు పంచాం. నడిచింది, కాస్త వెనకాముందూ అయినా నడిచింది, అరిసెలు పంచాం. మా అమ్మ పాకం పట్టిందంటే అంగలకుదురు మొత్తం ఆ వాసనకే లేచి కూర్చునేది, మా ఊరు అదేలే. సరే, మాట దగ్గర ఆగిపోయింది. రెండేళ్ళు నిండినై, ఊహూఁ. రెండున్నర, ఊహూఁ. ఎదురింటావిడ పొద్దున్నే గోడ మీంచి, "ఏం చెంచురామయ్యా, చిలకలెప్పుడు తినిపిస్తావ్?" అనేది. మంచికే అనేదిలే. మా అమ్మకి మాత్రం ఒళ్ళంతా కారం రాసినట్టుండేది. ఒకరోజు నేను ఆఫీసు నుంచి వచ్చేసరికి వీధిలో పిల్లలంతా ఎర్రచిలకలు, పచ్చచిలకలు చప్పరిస్తూ కనబడ్డారు. "భువన 'అమ్మా' అందంటగా మావయ్యా!" అంటారు. నా ప్రాణం లేచొచ్చింది. ఝాన్సీ అప్పుడు ఎలిమెంటరీ స్కూల్లో టీచరు. తనూ అప్పుడే వచ్చింది, సంచి కూడా దించకుండా పిల్ల ముందు మోకాళ్ళ మీద కూర్చుని, "ఏదీ, అమ్మా అను, నా తల్లివి కదూ, ఒక్కసారి అను" అని. పిల్లేమో ఆవిడ గాజులు తిప్పుతూ కూర్చుంది. దీపాలు పెట్టే వేళదాకా అడుగుతూనే ఉంది. మా అమ్మ వంటింట్లోంచి బయటికి రాలేదు. అప్పుడు తెలిసిపోయింది నాకు.

మా అమ్మకి దురుద్దేశం లేదమ్మా. "రేపో మాపో వచ్చేదేగా మాట, ముందుగా పంచితే ఏం పోయింది? లోకం నోరు మూయించొద్దూ?" అంది. మర్నాడు ఝాన్సీ ఆ చిలకల చెక్క అచ్చు శుభ్రంగా కడిగి, ఆరబెట్టి, పాత చీరముక్కలో చుట్టి అటకమీద పెట్టించింది నాచేత. అప్పుడంది, "ఏవండీ, ఇది మళ్ళీ దించేది నేను. దీనికి నిజంగా మాటొచ్చిన్నాడు నేనే పాకం పట్టి పంచుతా. ఏ మాట అందో ఇంటింటికీ చెప్పి మరీ పంచుతా" అని. పట్టుదల మనిషి. ఒకసారి మార్కెట్లో కందిపప్పులో రాళ్ళున్నాయని, ఆ రాళ్ళు పొట్లం కట్టి తీసుకెళ్ళి కొట్టువాడి కాటాలో వేసింది. అలాంటిది.

ఏం చెప్తున్నా? ఆఁ, ఝాన్సీ ట్రైనింగు సంగతి. పిల్లని గుంటూరు తిప్పాం, మద్రాసు తిప్పాం. చెవులు బానే వినబడతాయన్నారు, నాలుక బానే ఉందన్నారు. చివరికి ఒక డాక్టరమ్మ, "ఈ పిల్ల తీరే వేరమ్మా, మందుతో పోయేది కాదు, నేర్పించడమే" అంది. ఎవరు నేర్పిస్తారు? తెనాల్లో ఎవరున్నారు? ఎవరూ లేకపోతే నేనే నేర్చుకుంటానని, సెలవు పెట్టి, పిల్లని చంకనేసుకుని హైదరాబాదు పోయింది, ఏడాది డిప్లొమాకి. ఆ ఏడాది నేను తిన్న తిండి పగవాడిక్కూడా వద్దు. మా అమ్మ అలిగి మా అక్క దగ్గరికి పోయిందిలే. చారు పెట్టడం అప్పుడే నేర్చుకున్నా, ఇప్పటికీ భువన ఆ చారే తాగుతోంది. తిరిగొచ్చాక ఝాన్సీ ఒకటే మాట పట్టుకుంది. అక్కడ చెప్పారంట, పిల్లకి అవసరమైన చిన్న మాట ఒకటి ఎంచుకుని, రోజూ అదే వేళకి, అదే చోట అనమని. ఆవిడ "దా" ఎంచుకుంది. సాయంత్రం పని నుంచి వచ్చి, ఆ గేటు దగ్గర గొంతుక్కూర్చుని, రెండు చేతులూ చాపి, "దా" అనేది. అంతే. భువన ఆ వేళకి గేటు దగ్గర ఉండేది, దానికి వాచీ అక్కర్లేదు. వచ్చేది కాదు, అనేది కాదు. ఆవిడ సంచి బొత్తం ఒకసారి తీసి, పెట్టి, లోపలికి పోయేది. వానొచ్చినా, ఒంట్లో బాగోకపోయినా, ఏళ్ళ తరబడి ఆ "దా" మాత్రం ఆగలేదమ్మా. ఎదురింటావిడ కూడా వేళాకోళం మానేసింది.

ఇంక సర్వే. హైదరాబాదులో వాళ్ళ పెద్దసారు ఒకాయన, మీ జిల్లాలో ఎంతమంది పిల్లలకి నడక, మాట ఆలస్యమవుతున్నాయో చూసి రమ్మన్నాడు. నేను స్కూటరు, ఆవిడ వెనక. రేపల్లె, భట్టిప్రోలు, అటు కర్లపాలెం దాకా. ఏ తల్లినడిగినా, "ఏమోనండి, ఎన్నో నెలో గుర్తులేదండి" అనేవాళ్ళు. ఝాన్సీ తెలివి చూడు, నెలలు అడగడం మానేసింది. "అరిసెలు ఎప్పుడు పంచారమ్మా? చిలకలు ఎప్పుడు పంచారు?" అని అడిగేది. అంతే, టకటకా చెప్పేవాళ్ళు. "మా ఆడపడుచు పెళ్ళికి ముందండి", "నాట్లప్పుడండి, కూలోళ్ళక్కూడా పెట్టాం", "గాలివాన రోజండి, చిలకలన్నీ చెమ్మగిల్లి అతుక్కుపోయినయ్". దాన్నిబట్టి నెల కట్టేసేది. పెద్దసారు భేష్ అన్నాడు. అన్నీ లెక్కేశాక మాత్రం ఒక ఉత్తరం రాశాడు, "మీ డెల్టాలో పిల్లలందరూ బంగారుకొండలే కదమ్మా, ఒక్కరికీ మాట ఆలస్యం లేదు!" అని. సంతోషంతోనే రాశాడు పాపం.

అది చదివి ఝాన్సీ ఇదిగో ఈ అరుగు మీద కూలబడింది. అన్నం తినలేదు. "ఏంటే?" అంటే, "ఏవండీ, చిలకలు పంచినంత మాత్రాన మాట వచ్చినట్టేనా?" అంది. నేను బిత్తరపోయా. నిజమే కదా! ఆ అబద్ధం మా ఇంట్లోనే జరిగింది, ఆ అచ్చు మా అటకమీదే ఉంది, ఆవిడే అది మర్చిపోయి ఊరూరా చిలకల్ని నమ్మింది. మర్చిపోలేదంట. "మన ఒక్క ఇంట్లోనే అలా జరిగిందనుకున్నానండీ" అంది. అప్పుడేడ్చింది. మొదటిరోజు ఏడవంది అప్పుడేడ్చింది. ఇన్నేళ్ళూ ఒక్కదాన్నే అనుకుని బతికింది చూడు. నేను పక్కనే ఉన్నాగా. పక్కనుంటే ఏం లాభం, ఒక్కోదానికి పక్కనున్నవాడు కూడా పనికిరాడు.

మళ్ళీ మొదలుపెట్టింది, మొదటి ఊరు నుంచి. ఈసారి భువనని కూడా మధ్యలో కూర్చోబెట్టుకుని. భట్టిప్రోల్లో ఒక ఇల్లు, కాలవ గట్టున, జాన్ బాబని ఆటో ఉండేది ఆయనకి. వాళ్ళమ్మ గడపలోనే, "చెప్పాం కదండి, పదో నెలకే 'అమ్మా' అన్నాడండి, చిలకలు పంచామండి" అని దండకం మొదలెట్టింది. లోపల కోడలు పిల్లాణ్ణెత్తుకుని నిలబడి ఉంది, నేల చూపులు. ఝాన్సీ ప్రశ్నే అడగలేదు. భువనని ముందుకి తెచ్చి, "ఇది నా కూతురమ్మా. మా ఇంట్లోనూ చిలకలు పంచాం. ఇప్పటికీ మాట లేదు" అంది. అంతే. ఆ కోడలు పిల్లాడితో సహా గుమ్మంలో కూలబడి ఏడ్చింది చూడూ! "అక్కా, వీడు నా వంక చూడనైనా చూడడక్కా" అని. జాన్ బాబు నా పక్కన చూరు కింద నిలబడి ఉన్నాడు, ఆటో తాళం చేతులో పట్టుకుని, ఎటు చూడాలో తెలీక. నేనూ అంతే. ఆ పిల్లాణ్ణి వారానికోసారి మా ఇంటికి తీసుకొచ్చేవాడు తర్వాత. బాగుపడ్డాడులే, కాస్త మాటలొచ్చినై.

అలా ఇంటింటికీ తన ఇంటి సంగతి ముందు చెప్పేది. మెల్లిగా ఇంకోటి కనిపెట్టింది. "చిలకలు పంచారు సరే, ఏ మాట అన్నాడమ్మా?" అని అడగడం. నిజంగా మాటొచ్చిన ఇంట్లో ఆలోచించకుండా చెప్తారు. ఒకడు "బర్రె" అన్నాడు, ఒకత్తి "మజ్జిగ", ఒకడు వాళ్ళ తాతని పేరుపెట్టి పిలిచాడంట! రాని ఇంట్లో అందరూ ఒకటే, "అమ్మా అన్నాడండి". "అలా అన్నవాళ్ళింటికి ఇంకోసారి వెళ్ళండర్రా" అని అంగన్‌వాడీ అమ్మాయిలకి నేర్పించేది. రేపల్లెలో వాళ్ళకి నెలనెలా క్లాసు పెట్టేది. మీ మేడం అక్కడే విని ఉంటుంది.

మా అమ్మకి మాత్రం ఇది తెలిసిపోయింది. "ఊరూరా తిరిగి నా పరువు అమ్ముకుంటోందిరా నీ పెళ్ళాం" అంది. ఝాన్సీ, "మీ పేరు చెప్పలేదత్తయ్యా, మా ఇంట్లో అన్నానంతే" అంది. "నీ ఇల్లంటే ఎవరిది మరి?" ఇద్దరిదీ నిజమే. ఝాన్సీ పోయేదాకా వాళ్ళిద్దరూ ఒకే వంటింట్లో నా ద్వారానే మాట్లాడుకున్నారు. "ఉప్పు చాల్లేదని మీ అమ్మకి చెప్పండి." మాటలొచ్చినవాళ్ళ సంగతమ్మా ఇది!

ఇంకేముంది. ఒకరోజు రేపల్లె క్లాసుకెళ్ళింది. వచ్చేటప్పుడు బస్సులో గుండె పట్టుకుందంట, వేమూరు దాటకుండానే అయిపోయింది. మనిషిని తెచ్చేసరికి ఇంటినిండా జనం. భువనని ఎవరో లోపల కూర్చోబెట్టారు. పెద్దకర్మ అయింది, చుట్టాలు వెళ్ళారు, మా అక్క కూడా అమ్మని తీసుకుని వెళ్ళిపోయింది. మేమిద్దరం మిగిలాం. ఆ సాయంత్రం నేనిక్కడే కూర్చున్నా. భువన వేళకి లేచి గేటు దగ్గరికెళ్ళింది. రోజూ వెళ్తూనే ఉందిలే, జనంలో ఎవరు చూశారు. రోడ్డు వంక చూసింది. చూసి చూసి, గొంతుక్కూర్చుంది, అచ్చం వాళ్ళమ్మ కూర్చున్నట్టే. రెండు చేతులూ చాపి, "దా" అంది.

ఆఁ. నువ్వు రాసుకుంటావో మానుతావో కానీ, అదే దాని మొదటి మాట.

చిలకలా? ఎలా పంచనమ్మా, ఏటిసూతకం కదా, ఇంట్లో పాకం పట్టకూడదు. ఏడాది తిరిగాక నిచ్చెనేసి అటకెక్కా. ఆ గుడ్డమూట చేత్తో పట్టుకున్నా కూడా. పంచితే, ఆవిడ చెప్పినట్టు ఏ మాటో కూడా చెప్పి పంచాలి కదా. "దా" అందండి అంటాను. "ఎవర్ని పిలిచిందండీ" అంటారు. మళ్ళీ అక్కడే పెట్టి దిగా. అక్కడే ఉంది. నువ్వు చూస్తానంటే చూడు, నేను నిచ్చెనెక్కలేను ఇప్పుడు.

ఉండుండు, లేచింది. తువ్వాళ్ళు పక్కన పెట్టేసింది చూడు. కుర్చీ ఇటు లాక్కోమన్నది ఇందుకే, ఇప్పటికీ రోజూ ఈ వేళకి గేటు దగ్గరికే. పలకరించకు, నువ్వక్కడ లేనట్టే ఉండు.

...

విన్నావా?

నీ బాపట్ల బండి ఎన్నింటికన్నావమ్మా?