వేగుచుక్క జెండా

1974 సెప్టెంబరు మొదటివారం. సైప్రస్ తూర్పు వైపు, అఖ్నా దగ్గరి అడవి. టర్కీ సైన్యం వచ్చి పడితే అస్ప్రోమిలి ఊరు ఊరంతా పారిపోయి వచ్చి చెట్ల కింద దుప్పట్లతో గుడారాలు కట్టుకుని మూడు వారాలైంది. మధ్యాహ్నం తిరిగింది. మరూల్లా రేకు డబ్బాలో మొగుడికి కాఫీ కాస్తోంది. పక్కచెట్టు కింద మొగుడి తాత పడుకుని ఉన్నాడు.

“మరూల్లా, పొంగుతోంది! కాఫీ!”

“ఆఁ... చూశా.”

“చూళ్ళేదు. సగం నిప్పుల్లో పోయింది. ఎటు చూస్తున్నావు?”

“ఎటూ లేదు లోయిజో. రోడ్డు వైపు. నీళ్ళ లారీ వస్తుందేమోనని.”

“నీళ్ళ లారీ పొద్దున్నే వచ్చి పోయిందిగా. సరే, విను. పొద్దు వాలగానే బయల్దేరతా. దుంపచేల గట్ల వెంబడి పోతే గంటన్నర. ఊరి మధ్యలోకి పోను. చివర్నించే, మీ అన్నవాళ్ళ కాఫీకొట్టు వెనక గోడ దూకి...”

“ఇందాకే చెప్పాను కదా, వద్దని.”

“చెప్పావు. విన్నాను.”

“విని?”

“విని వెళ్తున్నా.”

“మొన్న కక్కూల్లిస్ మామ మేకలకి నీళ్ళు పెట్టొస్తానని పోయాడు. ఏడీ మరి?”

“ఆయన పట్టపగలు పోయాడు. పైగా కుంటికాలు.”

“కుంటికాలు అని కాల్చారా?”

“కాల్చారని ఎవరన్నారు? చప్పుడు వినపడింది, అంతే.”

“నాకూ వినపడింది. రెండుసార్లు. రాత్రంతా నిద్ర పట్టలేదు నాకు.”

“నిద్ర నాకు మాత్రం పట్టిందా? నేలంతా రాళ్ళు. మన పెళ్ళిపరుపులో నా వైపు ఒక గడ్డ ఉండేది చూడు, వీపులో గుచ్చుకునేది. ఉన్ని సరిగ్గా ఏకలేదని మీ అమ్మని నెలరోజులు తిట్టుకున్నా. ఇప్పుడా గడ్డే గుర్తొస్తోంది. హాయిగా ఉండేది.”

“ఉన్ని బాగానే ఏకింది మా అమ్మ.”

“ఏంటలా అయిపోయావు? నవ్వుతావనుకున్నా.”

“ఏం లేదు. తాగు, చల్లారిపోతుంది. తాతా! తాతా, నువ్వయినా చెప్పు!”

“ఏంటమ్మాయ్? మళ్ళీ విమానమా?”

“విమానం కాదు తాతా. నీ మనవడు.”

“వాడే అయితే భయం లేదు.”

“భయమే తాతా. జెండా కోసం ఊళ్ళోకి పోతాడట.”

“ఏ జెండా?”

“ఏ జెండా ఏంటి తాతా, మన ఫుట్‌బాల్ క్లబ్బు జెండా! నేను సెక్రటరీని. రేపు లార్నకాలో మీటింగు. ఊళ్ళు పోగొట్టుకున్న క్లబ్బులన్నీ వచ్చి పేర్లు రాయించుకోవాలి. మైదానం పోయింది. గోలుస్తంభాలు పోయాయి. బూట్లు నాలుగు మిగిలాయి, అందులో మూడు ఎడమకాలివి. ఇంకేం చూపించి చెప్పను, మేం ఫలానా అని?”

“నోటితో చెప్పు లోయిజో. ‘అవ్గెరినోస్’ అని చెప్పు. నోరుంది కదా నీకు.”

“నేను అవ్గెరినోస్ అంటాను. పక్క బెంచీ మీంచి మీ అన్న యాకూమిస్ లేచి అఫ్కెరినోస్ అంటాడు. మొన్న క్లబ్బుల లెక్క రాసుకోడానికి ఇక్కడికొచ్చిన ఆ లార్నకా ఆయన ఎంత నవ్వాడో! ‘ఒకటే ఊరు, ఒకటే చెట్టునీడ, రెండు క్లబ్బులేంటయ్యా, తేడా ఏంటి?’ అన్నాడు. ‘ఒక్క అక్షరం సార్’ అన్నాను. ఇంకా నవ్వాడు.”

“నవ్వక ఏడుస్తాడా?”

“ఆ అక్షరం తప్పు మా అక్కది రా.”

“తాతా, ఆ కథ నాకు తెలుసు.”

“నీకు తెలుసు. అమ్మాయికి తెలియదు. ఒసే అమ్మాయ్, ముప్పై ఒకటిలో మేం పదకొండు మందిమి కూడి క్లబ్బు పెట్టాం. మా అక్క కల్లియోపి జెండా కుట్టింది. పాదిరిగారి భార్య తన నీలం లంగా ఇచ్చింది, పండక్కి కట్టుకునేది. పసుపుదారంతో మధ్యలో వేగుచుక్క. కింద దాని పేరే, క్లబ్బు పేరు. మా అక్క బడి మొహం చూడలేదు. మనం నోటితో ఎలా అంటామో అలాగే కుట్టింది, అఫ్కెరినోస్ అని. మాస్టారు చూసి ‘గ్రీకుభాష గొంతు కోశారు కదరా’ అని తల పట్టుకున్నాడు. పదిహేడేళ్ళు ఆ తప్పు కిందే ఆడాం. ఒక్కడూ నోరెత్తలేదు.”

“మరి ఎందుకు విడిపోయారు తాతా?”

“నలభై ఎనిమిదిలో పట్నం ఆటల సంఘం నుంచి ఓ కాగితం వచ్చింది. ‘మాకూ ఎర్రజెండా వాళ్ళకీ ఏ సంబంధమూ లేదు’ అని రాసుంది, సంతకం పెట్టమన్నారు. సగంమంది పెట్టారు. సగంమంది కాగితం చింపి పారేశారు. పెట్టినవాళ్ళు మాస్టారు చెప్పినట్టు అక్షరం దిద్దుకున్నారు. పెట్టనివాళ్ళు ఆ తప్పు అక్షరమే పట్టుకుపోయి ఎదురువీధిలో కాఫీకొట్టు తెరిచారు.”

“జెండా మాత్రం దిద్దుకున్నవాళ్ళ దగ్గరే ఉండిపోయింది.”

“అదేనమ్మాయ్. జెండా వీళ్ళది, జెండా మీద పేరు వాళ్ళది. అప్పట్నించీ అదే గొడవ.”

“నువ్వు సంతకం పెట్టావా తాతా?”

“పెట్టాను. ఇష్టం లేదు. అయినా పెట్టాను. మొదటి మ్యాచికి ఆ జెండా మోసింది ఎవరో తెలుసా? డెర్విష్. మా గోల్‌కీపరు. పక్క పేట టర్కీవాడు. వాణ్ణి ఏ కాగితమూ అడగలేదు. వాడంతట వాడే ఒకరోజు రావడం మానేశాడు. ఇప్పుడు మన ఇళ్ళల్లోనే ఎక్కడో ఉన్నాడేమో.”

“ఉంటే బాగుణ్ణు తాతా.”

“ఎందుకమ్మాయ్?”

“ఏం లేదు. ఆ జెండా చూస్తే గుర్తుపడతాడు కదా. ఎవరి చేతిలో ఉన్నా... వాళ్ళని ఏం చెయ్యకుండా వదిలేస్తాడు కదా.”

“ఎవరి చేతిలో ఉంటుంది? మీ అన్న చేతిలోనే ఉంటుంది! వాళ్ళ కాఫీకొట్లో, కాఫీగింజల బస్తాల వెనకాల. నాకు తెలుసు.”

“మా అన్న తియ్యలేదు లోయిజో.”

“పెళ్ళి మర్నాడు చూస్తే గోడకి మేకు ఉంది, జెండా లేదు. అంతకుముందు రోజు పెళ్ళికి బల్లలు మోసుకెళ్ళడానికి మా క్లబ్బులో కాలు పెట్టిన అవతలివాడు మీ అన్న తప్ప ఇంకెవరు?”

“నేనూ వచ్చాను.”

“నువ్వు నా పెళ్ళానివి.”

“అప్పటికింకా కాలేదు.”

“హాస్యాలకి ఇదా సమయం? వినబడిందా నీకు?”

“ఏంటి? ఏంటి? ఎటు నుంచి?”

“అంత ఉలిక్కిపడతావేంటి! బ్రిటిషోళ్ళ లారీ. వాళ్ళ శిబిరం వైపు పోతోంది.”

“అటు నుంచి కాదుగా? ఊరి వైపు నుంచి కాదుగా?”

“కాదు. నీ చేతులు చూడు, మంచులా ఉన్నాయి. ఈ ఎండలో!”

“వెళ్ళకు లోయిజో. నీ కాళ్ళు పట్టుకుంటా. పెళ్ళయి రెండు నెలలు. అందులో ఒక నెలేగా మంచం మీద పడుకున్నాం. ఇంకా నువ్వు ఉల్లిపాయ తింటావో తినవో కూడా సరిగ్గా తెలియదు నాకు.”

“తింటాను. పచ్చిది కూడా తింటాను. తిరిగొచ్చాక పెట్టు.”

“తిరిగొచ్చాక అనకు!”

“ఒరే, అరవకండి. అందరూ ఇటే చూస్తున్నారు.”

“చూడనీ తాతా. నా సైకిలేది మరూల్లా? చెట్టుకి ఆనించాను.”

“గాలి పోయింది. సిమోస్ బాబాయి చూస్తానని పట్టుకుపోయాడు.”

“సిమోస్‌కి చెయ్యి విరిగిందిగా?”

“వాళ్ళావిడ చూస్తుంది.”

“వాళ్ళావిడ సైకిలు బాగు చేస్తుందా! సరే, నడిచే పోతా. నిన్న మీ అన్నతో అంతసేపు ఏం గుసగుసలు?”

“గుసగుసలేం లేవు. అన్న బాధపడ్డాడు.”

“దేనికి?”

“దేనికా? ఊరందరి ముందు ‘దొంగ’ అన్నావు. వారం తిరక్కముందే ఆ తిరుగుబాటు వచ్చింది, ఎర్రజెండావాళ్ళని ఏరేస్తామంటూ తుపాకులు పట్టుకున్నవాళ్ళు వీధిలోకొచ్చారు. నువ్వన్న మాటే పట్టుకుని అన్నని లాక్కుపోయి రెండురోజులు కూర్చోబెట్టారు. వచ్చాక పళ్ళు రెండు లేవు.”

“వాళ్ళని నేను పంపలేదు మరూల్లా.”

“మాట నీదే.”

“మాట నాదే. కాదనలేదు. అది తల్చుకుంటే నాకూ ముద్ద దిగదు. కానీ జెండా తీసిందైతే వాడేగా! నిన్న కూడా అందరి ముందు అడిగాను, ‘ఎక్కడ దాచావో చెప్పు బావా, ఊరే పోయింది, ఇంకా ఏం దాపరికం’ అని. నోరు విప్పలేదు.”

“తెలియంది ఎలా చెప్తాడు?”

“అందుకే నేనే పోయి వెతుక్కుంటా. ఆ నీటిబుడ్డి ఇటివ్వు.”

“లోయిజో, కూర్చో. ఒక్క నిమిషం కూర్చో. ఒకటి చెప్తాను. తిట్టు, కొట్టు. కానీ అడుగు మాత్రం బయట పెట్టకు.”

“ఏంటి?”

“జెండా నేనే తీశాను.”

“ఏంటీ?”

“బల్లల కోసం వచ్చిన రోజే. మీరిద్దరూ దాని కిందే నిలబడి మళ్ళీ అక్షరం గురించి మొదలెట్టారు. మర్నాడు నా పెళ్ళి. ఒక పక్క నా మొగుడు, ఒక పక్క నా అన్న, మధ్యలో ఆ గుడ్డ. మీరు బల్ల బయటికి మోసుకెళ్ళగానే కుర్చీ ఎక్కి దించేశాను. లంగాలో చుట్టుకుని ఇంటికి నడిచాను. దారంతా ఒకటే నవ్వు నాకు. మర్నాడు మీరు ఖాళీ మేకు చూసుకుని తెల్లమొహం వేస్తారని.”

“నవ్వా! మరి చెప్పలేదేం? ఇన్నాళ్ళూ?”

“చెబుదామనుకున్నా. నువ్వు వెంటనే దొంగా అనేశావు, ఊరు రెండుగా చీలి నిలబడింది. తర్వాత అన్నని పట్టుకుపోయారు. ఇంక చెప్పడానికి నోరు రాలేదు. భయమేసింది. నీకంటే భయమేసింది, అన్నంటే భయమేసింది.”

“ఎక్కడుంది? మరూల్లా, ఎక్కడుంది అది?”

“లేదు.”

“లేదంటే?”

“కాల్చేశాను. పెళ్ళిరొట్టెలు కాల్చిన పొయ్యిలో.”

“తాతా, విన్నావా? కాల్చేసిందట!”

“విన్నాను రా. చెవుడు విమానాలకే.”

“నీ అక్క కుట్టింది తాతా అది!”

“మా అక్కే పోయి పదేళ్ళయింది. నేనెవరిని తిట్టను? ఒరే, ఆ పిల్ల మొహం చూడు ముందు. నీళ్ళియ్యి.”

“పాదిరిగారి భార్య లంగా... వేగుచుక్క... పొయ్యిలోనా!”

“తిట్టు లోయిజో. కానీ ఇంక వెళ్ళవుగా? వెతకడానికి ఏం లేదుగా అక్కడ?”

“లేని జెండా కోసం ఎవడు పోతాడు?”

“ఒట్టు?”

“నీ మీదొట్టు. వెళ్ళను. మళ్ళీ ఏడుస్తావేంటి? వెళ్ళనన్నానుగా!”

“ఏడవట్లేదు. పొగ.”

“నిప్పులు ఎప్పుడో ఆరిపోయాయి. ఇటు రా. మరూల్లా, ఒకటి చెప్పనా? గుండె మీంచి బండ దించినట్టుంది నాకు. నిజం చెప్తున్నా, నాకూ భయంగానే ఉంది. కక్కూల్లిస్ మామ పోయిన దారే కదా అది. నువ్వు ఆపకపోతే వెళ్ళక తప్పేది కాదు.”

“లోయిజో...”

“రేపు మీటింగుకి మీ అన్నని వెంట తీసుకెళ్తా. ఒకే బెంచీ మీద కూర్చుంటాం. పేరేంటని అడిగితే బావనే చెప్పమంటా. ఆ తప్పు అక్షరంతోనే చెప్పమంటా. పదిహేడేళ్ళు దాని కింద ఆడినవాళ్ళు తాతావాళ్ళు, మనకేం పోయింది? ఏం తాతా?”

“విడిపోయిన ఇరవై ఆరేళ్ళకి ఒక్క తెలివైన మాటన్నావు.”

“ముందు బావకి క్షమాపణ చెప్పుకోవాలి. ఎక్కడ దొంగా అన్నానో అక్కడే, అదే జనం ముందు. ఏడీ బావ? పొద్దుట్నించీ కనబళ్ళేదు.”

“నీళ్ళకి... నీళ్ళ లారీ దగ్గర...”

“నీళ్ళ లారీ పొద్దున్నే పోయింది మరూల్లా. ఇందాకే చెప్పానుగా.”

“యాకూమిసేనా? తెల్లారకముందే చూశాన్రా నేను. సైకిలు నడిపించుకుంటూ దుంపచేల వైపు పోతున్నాడు. ‘ఎక్కడికిరా’ అంటే, ‘దొంగని కాదని చూపించడానికి తాతా’ అన్నాడు. నాకేం అర్థం కాలేదు.”

“సైకిలా? బావకి సైకిలెక్కడిది? మరూల్లా, ఇటు చూడు. పొద్దుట్నించీ ఆ మెడ మీద చెయ్యెందుకు తియ్యట్లేదు? తియ్యి. మన ఇంటి తాళంచెవి కట్టుకున్న తాడేది?”

“జెండా కాల్చలేదు లోయిజో. మన పెళ్ళిపరుపులో, నీ వైపు పెట్టి కుట్టేశాను. నిన్న అన్నకి చెప్పేశాను.”