గోడ మీది చిప్పలు

చింతామణి బస్టాండు దగ్గర కాఫీ హోటల్లో గోడ నిండా సంత బొమ్మ గీయమని యజమాని పెయింటరును పిలిపించినాడు. నాలుగు దినాలకు బొమ్మ ముగిసింది. దాన్ని చూడగానే యజమాని ముఖం మాడింది.

“సంత గీయమంటే, వాకిట్లో కొబ్బరి చిప్పల్లో కాఫీ తాగేవాళ్ళను గీసినావేందప్పా?”

“వాళ్ళు సంతకు రారా? ఇప్పుడు కూడా నీ వాకిట్లోనే కూర్చోనుండారు.”

“కూర్చోనీ. గోడ మీద ఎందుకు? గిరాకీలు చూస్తే ఏమనుకుంటారు?”

“దినామూ వాళ్ళను దాటుకోనే కదా లోపలికొచ్చేది. అప్పుడేమీ అనుకోలేదే.”

“చిప్పలు చెరిపి గ్లాసులు గీయి. పీడ వదుల్తుంది.”

“నువ్వు గ్లాసులియ్యి, ఆ పొద్దే గీస్తా. అంటరానితనం నేరమని కానూను వచ్చి మూడేండ్లయింది.”

“కానూను బెంగళూరులో ఉండాది, నేను చింతామణిలో ఉండా. నువ్వు చెరపకపోతే పో, సున్నం కొట్టిస్తా.”

“ఎవరితో?”

“బయ్యప్ప ఉండాడు కదా.”

“బొమ్మలో మొదట కూర్చున్నోడు బయ్యప్పే. వాణ్ణి లోపలికి రానిస్తావా?”

“యాడన్నా ఉండాదా? ప్రతి ఉగాదికీ వాడు వాకిట్లో సున్నం కలిపి ఇస్తాడు, లోపల నేనే కొట్టుకుంటా.”

పెయింటరు కుంచె కడిగేది ఆపినాడు. ఇంతసేపూ గోడతో మాట్లాడినట్టే అయింది అనుకున్నాడు.

“అట్లయితే ఈసారి ఎందుకు కలపమంటాండావో వాడికి చెప్పు.”

“చెప్పేదేముందప్పా? వాడు లోపలికొచ్చి చూసేది లేదు. గోడ మాసిందని చెప్తా.”