ఉరుముల మాత్ర

డబ్బో ఊళ్లో జంతువుల ఆసుపత్రి. గొర్రెల్ని మళ్లేసే కుక్క టిగ్ వెనక కాళ్లు ఈడుస్తోందని ముసలి కాపరి తీసుకొచ్చాడు. దాని చెవి పట్టుకున్న చెయ్యి మాత్రం వదలడం లేదు.

"వెన్నులోకి రంగుమందు ఎక్కించి ఎక్స్‌రే తీస్తాం. ఆ మందుకి ఒక్కోసారి ఫిట్స్ వస్తాయి. ఇదివరకెప్పుడైనా వచ్చాయా, పెద్దాయనా?"

"లేదు, డాక్టరమ్మా."

"పొద్దున్నించి ఏ మందైనా పెట్టారా?"

ముసలాయన నేలకేసి చూశాడు. "చెబితే ఎక్స్‌రే తియ్యనంటావు."

"చెప్పకపోతే ఆ మందు మీద, ఎక్స్‌రేకి నేనిచ్చే మత్తు కూడా పడుతుంది. మళ్లీ లేవకపోతే?"

"ఉరుములకి హడలిపోతుందని ఇచ్చారే, ఆ మత్తు మాత్ర. సగం విరిచి సాసేజ్‌లో పెట్టాను. దారంతా గతుకులు కదా."

"చెప్పి బతికించారు. ఆ మత్తు దిగాక రేపు పొద్దున్నే ఎక్స్‌రే తీద్దాం."

"అయితే ఇంటికి తోలుకుపోతా."

"ఆగండి, మిగతా సగం ఇలా ఇవ్వండి. మళ్లీ పెట్టేస్తారు."

"అది లేదమ్మా, నేనే మింగాను. దారంతా వణికింది టిగ్ కాదు."

డాక్టరమ్మ చెయ్యి చాపింది.

"బండి తాళాలివ్వండి. ఈ రాత్రికి పేషెంట్లిద్దరూ ఇక్కడే."