ఎండ కాసిన రోజు ఖాళీ

అన్యాయం జరిగింది మా వదినకి, డెబ్బై తొమ్మిది జూన్ నెలలో. గచ్చు మీద చుక్కలేంటని అడిగావుగా, అక్కణ్ణుంచే మొదలెట్టాలి మరి. కాళ్ళు చాపుకుని కూర్చో. నువ్వు నిన్న ట్రైనింగుకి చేరిన సెంటరే, యూనివర్సిటీ వాళ్ళది, లెక్కల టీచర్లకీ సైన్సు టీచర్లకీ పాఠం చెప్పడం నేర్పేది. మా వదిన అక్కడే పనిచేసేది. నీడల టీచరమ్మ అనేవాళ్ళు. వాకిట్లో ఇనపకడ్డీ పాతించి, సోమవారం సోమవారం గడియారం పన్నెండు కొట్టగానే నీడ కొస పడ్డచోట నల్లరంగు చుక్క పెట్టించేది. ఏడాది తిరిగేసరికి ఏ బొమ్మ తేలుతుందో మాత్రం నోరు విప్పేది కాదు. గడ్డాలు నెరిసిన పంతుళ్ళు చిన్నపిల్లల్లా పందేలు కాసేవాళ్ళు, ఒకాయన కోడిగుడ్డంటే ఇంకొకామె చెప్పు అడుగంటూ.

అదిగో, ఆ చుక్కల వరస మొదటి చుక్కని కలుసుకోవడానికి రెండు వారాలుందనగా కొత్త డైరెక్టరు దిగాడు. సున్నం సారు అనేవాళ్ళం. కమిటీ వస్తోందంటే చాలు, గోడకి సున్నం, చెట్టుకి సున్నం, కదలకుండా నిలబడితే మనిషికీ కొట్టించేవాడే. చుక్కల్ని రంగు మరకలనుకుని ఒక్క పూటలో గచ్చంతా గీకించేశాడు. తెలిశాక నొచ్చుకున్నాడులే, ఆ మాట చెప్పుకోవాలి. బొమ్మ పుస్తకంలో ఉందిగా, పెయింటరు చేత వేయించేద్దాం అన్నాడు. వదిన అరవలేదు. "నేను గీస్తే అది నా బొమ్మవుతుందండీ. నీడది కాదు" అంది. ఆ వచ్చిన సోమవారమే మళ్ళీ మొదటి చుక్క పెట్టించింది. డిసెంబరులో రిటైరైపోతుందని ఆమెకీ తెలుసు, ఆయనకీ తెలుసు.

కొత్త బ్యాచి వచ్చింది, మళ్ళీ పందేలు, వాళ్ళలోనూ ఓ పంతులు కోడిగుడ్డే అన్నాడు. వానల్లో మబ్బు పట్టిన వారాలు ఖాళీగా వదిలేయమనేది వదిన. రిటైరయ్యాక కుంచె వాళ్ళ చేతికిచ్చి వచ్చేసింది. ఆపైన మంచం పట్టింది. ఆ గది ఇప్పటికీ కళ్ళకి కడుతుంది నాకు. కిటికీ ఊచల నీడలు దుప్పటి మీద నెమ్మదిగా పాకుతుంటే, వేలితో వాటి వెంట వెళ్ళేది, నీళ్ళలో చెయ్యి పెట్టినట్టు. మాట్లాడుతూ మాట్లాడుతూ ఎటో వెళ్ళిపోయేది. ఓ మధ్యాహ్నం ఉన్నట్టుండి, "ఇప్పుడేమంటున్నారే వాళ్ళు?" అనడిగింది. ఇంకా కోడిగుడ్డే అంటున్నారన్నాను. పిల్లలా నవ్వింది. "చెప్పకు" అంది. నాతో ఆమె అన్న ఆఖరి మాట అదే.

మర్నాడు సోమవారం, బ్యాచి బ్యాచంతా మా ఇంట్లోనే ఉంది. ఎండ దంచేస్తోంది. పన్నెండు కొట్టింది, దాటిపోయింది, ఎవరికీ గుర్తు లేదు. జూన్‌లో వరస కలిసింది. కోడిగుడ్డూ కాదు, చెప్పు అడుగూ కాదు, నడుం సన్నటి ఎనిమిది. పందెం కాసిన వాళ్ళంతా ఓడిపోయి దాని చుట్టూ నోరెళ్ళబెట్టి నిలబడ్డారట. అప్పుడు సున్నం సారే, పాపం మంచికే, ఎండ కాసిన ఆ ఒక్క రోజు ఖాళీలో అంచనాగా ఓ చుక్క పెట్టేద్దాం, ఎవరికి తెలుస్తుంది అన్నాడు. కోడిగుడ్డు పంతులు కుంచె వెనక్కి దాచుకున్నాడు. "చూడలేదు కదండీ" అన్నాడు. అంతే.

వానల వంపులో ఖాళీలు సరే, ఎండల వంపులో ఈ ఒక్కటీ ఏంటంటే, ఇదమ్మా సంగతి. రేపు వెళ్ళినప్పుడు ఒంగి చూడు. చుక్క లేదు గానీ పక్కన సన్నగా రాసి ఉంటుంది, 1980 మార్చి 10, సోమవారం.